వట్టివేళ్ళ వాసన ఎవరిది?

పోయిన నెల మా అమ్మాయి బెంగుళూరు నుంచి వస్తూ నా పుట్టినరోజుకని ఓ సెంటు సీసా తెచ్చింది. నలుచదరపు సీసా. లోపల లేత గోధుమరంగు ద్రవం. పూల బొమ్మ లేదు, గులాబీ రంగు రిబ్బను లేదు. చిన్న అక్షరాలతో "వుడీ, ఎర్తీ, యూనిసెక్స్" అని మాత్రం ఉంది.

"అంటే ఏమిటే?" అన్నాను.

"చెక్క వాసన, మట్టి వాసన కలిసి ఉంటుందమ్మా. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా కొట్టుకోవచ్చు."

"మట్టి వాసనకి ఇన్ని డబ్బులు పోశావా? బాల్కనీలో తులసికుండీకి నీళ్ళు పోస్తే ఊరికే వస్తుంది కదే!"

మా వారు పేపరు పక్కన పెట్టి, సీసా మూత తీసి వాసన చూసి, "ఇది జెంట్స్‌ది. షాపులో మార్చి ఇచ్చినట్టున్నారు, బిల్లు ఉందా?" అన్నారు. పిల్ల నవ్వి పెట్టెలోంచి ఓ కార్డు తీసి చదివింది. ఈ పరిమళం ఎంచుకునేవాళ్ళు నిబ్బరం గలవాళ్ళట, ఆత్మవిశ్వాసం ఉన్నవాళ్ళట, తక్కువ మాట్లాడతారట. "తక్కువ మాటలా? అయితే మీ అమ్మది కానే కాదు" అని ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

నేను ఉడుక్కుని మణికట్టు మీద ఓ చుక్క కొట్టుకున్నాను. ముందు నిమ్మతొక్కలాంటి వాసన. కాసేపటికి అది పోయి, తడిసిన నేల, ఎండుగడ్డి, పాత బీరువా తలుపు తీస్తే వచ్చే చల్లదనం లాంటిది మిగిలింది. ఎక్కడో ఎరిగిన వాసనే. ఎక్కడో తట్టడం లేదు.

అప్పుడే లోపలి గదిలోంచి మా అమ్మ గొంతు. "ఎవరే, అమ్మ పెట్టె తెరిచిందీ?"

అమ్మ అన్నది మా అమ్మమ్మ ట్రంకు పెట్టె గురించి. అమ్మమ్మ పోయి పాతికేళ్ళు దాటింది. ఆ పెట్టె ఎవరింటికి వెళ్ళిందో కూడా మాకు తెలీదు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "ఇవి వట్టివేళ్ళే" అని తేల్చేసింది. పెట్టె మీద సన్న అక్షరాలు చదివితే నిజంగానే "వెటివర్" అని ఉంది. మా వారు మగవాళ్ళదన్న వాసన, మా అమ్మకి వాళ్ళమ్మ చీరల వాసన. ఇద్దరూ పట్టుకుంది ఒకే సీసాని. ఇదెలాగా అని ఆ రోజునుంచీ దొరికిందల్లా చదువుతూ ఉన్నాను. చదివిందంతా మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు కదా, అందుకే ఇది.

వట్టివేరు అంటే ఒక గడ్డి వేరు. మనిషెత్తు పెరిగే ఈ గడ్డి పైన చూడటానికి రెల్లులా మామూలుగా ఉంటుంది. ఉన్న గొప్పంతా నేలలోపలే. వేళ్ళు పక్కలకి పాకకుండా నిటారుగా కిందికి దిగుతాయి, మంచి నేల దొరికితే రెండు మూడు మీటర్ల దాకా. అందుకే గట్లు కోసుకుపోకుండా దీన్ని నాటుతారు. 1980లలో ప్రపంచ బ్యాంకు వాళ్ళు కూడా మన దేశంలో నేలకోత ఆపడానికి ఈ గడ్డినే నాటమని ప్రచారం చేశారు. సంస్కృతంలో దీని పేరు ఉశీరం. హిందీవాళ్ళకి ఖస్. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ పిలిచే వెటివర్ అన్న పేరు మాత్రం మన దక్షిణాదిదే, తమిళంలోని వెట్టివేరు. నరికి తవ్వి తీసే వేరు కనక ఆ పేరంటారు. మన తెలుగు చెవికి మాత్రం అది "వట్టి వేరు"గా వినిపిస్తుంది. ఉత్త వేరు, అంతకుమించి ఏమీ లేదన్నట్టు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

మనకి దీనితో పరిచయం సెంటుగా కాదు, చలవగా. కాళిదాసు శాకుంతలంలో మూడో అంకం మొదలయ్యేదే దీనితో. శకుంతలకి ఒంట్లో బాగాలేదని ప్రియంవద ఉశీరపు లేపనం, తామరాకులు పట్టుకెళ్తుంటే కణ్వుడి ఆశ్రమంలోని శిష్యుడు ఎవరికమ్మా అని అడుగుతాడు. ఎండదెబ్బ అనుకుంటారు అందరూ, అసలు జబ్బు వేరే అని మనకి తెలుసు. ఆయుర్వేదంలో జ్వరం వచ్చినవాళ్ళకి ఇచ్చే షడంగ పానీయంలో తుంగముస్తలు, చందనంతోపాటు వట్టివేళ్ళూ ఉంటాయి. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్, ఖస్ వేళ్ళతో గదులు కట్టించి వాటిమీద నీళ్ళు చల్లితే నడివేసవిలో చలికాలం వచ్చినట్టుండేదని ఆయినీ అక్బరీలో రాశాడు. తర్వాత తెల్లదొరలు వచ్చి వట్టివేళ్ళ తడికలు కిటికీలకి కట్టించుకుని, వాటిమీద నీళ్ళు చల్లడానికి మనుషుల్ని పెట్టుకున్నారు. మన చిన్నప్పుడు మధ్యాహ్నం వేళ మగ్గుతో తడికలు తడిపిన చేతులు మీలో చాలామందికి ఉండే ఉంటాయి. తడి ఆరుతూ ఆరుతూ గాలిలోని వేడిని తీసుకుపోతుంది. కూలరు పనిచేసేదీ అలాగే. కొన్ని కూలర్లలో ఇప్పటికీ వట్టివేళ్ళ ప్యాడ్లే పెడతారు.

ఇవి కాక మంచినీళ్ళ కుండలో ఓ చిన్న కట్ట, తలకి రాసుకునే నూనెలో నాలుగు పోగులు, సున్నిపిండిలో బావంచాలు, కచ్చూరాలతోపాటు ఓ గుప్పెడు, చీరల మడతల మధ్య ఓ చుట్ట. ఇన్ని చోట్ల ఉందా, ఇది ఆడవాళ్ళదా మగవాళ్ళదా అని ఎవరైనా అడిగారా? కుండలో నీళ్ళు ఇంటిల్లిపాదీ తాగారు. తడిక గాలి ఇంటిల్లిపాదికీ తగిలింది.

అసలు మన పాత పుస్తకాలు చూస్తే సువాసనల మోజు ఆడవాళ్ళకంటే మగవాళ్ళకే ఎక్కువేమో అనిపిస్తుంది. కామసూత్రంలో నాగరకుడి దినచర్య చెప్తూ, పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని ఒంటికి గంధం పూసుకుని, ధూపం పట్టుకుని, పూలదండ వేసుకుని అప్పుడు పనిలో పడతాడన్నారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాల తయారీకి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీసి కలిపితే ఎన్ని రకాలు వస్తాయో లెక్కకట్టి 1,820 అని శ్లోకంలో చెప్పాడు. మా అమ్మాయి ప్లస్ టూ లెక్కల పుస్తకంలో చదివిన సూత్రంతో వేసి చూస్తే సరిగ్గా అంతే వచ్చింది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి నుంచి ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న మానసోల్లాసంలో రాజుగారి భోగాల్లో విలేపనభోగం ఒకటి. మన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో ఏ సరుకుకి ఎంత సుంకమో రాయించాడు కదా, అందులో మంచిగంధం, కర్పూరం, పన్నీరు, జవ్వాది అన్నీ ఉన్నాయి. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. సముద్రం దాటి వచ్చే సరుకుల్లో ఇన్ని వాసన సరుకులున్నాయంటే కొనేవాళ్ళు ఎంతమంది ఉండి ఉండాలి! ఈ రోజుకీ చార్మినారు దగ్గర అత్తరు కొట్లకి వెళ్ళండి. రంజాన్ నెలలో మగవాళ్ళు వరసకట్టి గులాబీ అత్తరు, మల్లె అత్తరు, ఖస్ అత్తరు కొనుక్కుంటారు. చెవి మడతలో దూది పెట్టుకుని పోతారు. గులాబీ వాసన ఆడవాళ్ళదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

మరి మా వారికెవరు చెప్పారు? ఇది వెతుక్కుంటూ పోతే యూరప్ దాకా పోవాల్సి వచ్చింది.

అక్కడా మొదట్లో తేడా లేదు. 1709లో ఫరీనా కుటుంబం కొలోన్ నగరంలో కొట్టు పెట్టి అమ్మిన నిమ్మజాతి సుగంధజలాన్నే ఓడికొలోన్ అన్నారు. రాజులూ రాణులూ అందరూ అదే వాడారు. నెపోలియనయితే సీసాలకి సీసాలు ఒంటిమీద పోసుకునేవాడట. 1889లో పారిస్‌లో గెర్లాన్ కంపెనీ జికీ అనే సెంటు చేసింది. దాన్నీ ఆడా మగా ఇద్దరూ వాడుకున్నారు. అయితే ఆ పంతొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ పెద్దమనుషుల ఇళ్ళలో ఒక పద్ధతి మొదలైంది. మగవాడంటే నల్లకోటు, సబ్బు వాసన. ఆడదంటే లేత పూల వాసన. అంతకుమించి ఘాటుగా ఉంటే ఆవిడ మంచిది కాదు.

ఈ "మంచిది కాదు"కి బలైపోయింది పచోలి. ఇదీ మన తూర్పు దేశాల ఆకే. పేరు కూడా తమిళంలోని పచ్చ ఇలై, అంటే పచ్చాకు నుంచి వచ్చిందంటారు. మట్టి వాసన, చెక్క వాసన కలిసిన ఘాటైన ఆకు. మన దేశం నుంచి శాలువాలు ఓడలెక్కేటప్పుడు పురుగు పట్టకుండా మడతల మధ్య దీన్ని పెట్టేవారు. శాలువాలతోపాటు ఆ వాసనా యూరప్ చేరింది. ఎంతగా అంటే, ఆ వాసన ఉంటేనే అసలు శాలువా, లేకపోతే నకిలీ అని గుర్తుపట్టేవారు. దాంతో అక్కడ శాలువాలు నేసేవాళ్ళు ఆకు తెప్పించుకుని తమ సరుక్కీ పట్టించారు. అంతవరకూ అది గొప్పింటి వాసన. శతాబ్దం చివరికొచ్చేసరికి అదే వాసన పారిస్‌లో వెలయాళ్ళ గుర్తయి కూర్చుంది. మళ్ళీ 1960లలో జుట్టు పెంచుకున్న హిప్పీల గుర్తయింది. ఆకు మారలేదు. గొప్పింటి ఇల్లాలు, వెలయాలు, దేశదిమ్మరి అంటూ ముగ్గురు మనుషుల్ని దానికి తగిలించింది మాత్రం చూసే కళ్ళే.

ఇంకో తమాషా చెప్పనా? ఓల్డ్ స్పైస్ అంటే మనకి ఎవరు గుర్తొస్తారు? గడ్డం గీసుకుని చెంపలమీద చటుక్కున కొట్టుకునే నాన్నగారో, మావగారో. అమెరికాలో ఆ కంపెనీ 1937లో ఆ పేరుతో మొదట తెచ్చింది ఆడవాళ్ళ కోసం! మగవాళ్ళది మరుసటేడు, 1938లో వచ్చింది. దాన్ని తెచ్చినాయనకి ఆ ఊహ వచ్చింది వాళ్ళమ్మ ఎండు గులాబీ రేకులు, దినుసులు కలిపి ఇంట్లో పెట్టుకునే జాడీ వాసన నుంచట. ఈ సంగతి మా వారికి చదివి వినిపిస్తే ఆయన షేవింగు అలమర వైపు అనుమానంగా చూశారు.

వట్టివేళ్ళ దగ్గరికే వద్దాం. మన వేరు ఓడలెక్కి చాలా దూరం పోయింది. జావాలో వేశారు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో వేశారు. ఆఖరికి కరీబియన్ దీవి హైతీలో స్థిరపడింది. ఇప్పుడు లోకంలో సెంటు కంపెనీలకి వట్టివేళ్ళ నూనె ఎక్కువగా పోయేది హైతీ నుంచే. అమెరికాలో న్యూఆర్లియన్స్ పట్నంలోని పాతకాలపు ఇళ్ళలో ఇల్లాళ్ళు దుప్పట్లూ బట్టలూ పెట్టుకునే బీరువాల్లో వట్టివేళ్ళ కట్టలు పెట్టుకునేవారు. ఎక్కడి న్యూఆర్లియన్స్, ఎక్కడి మా అమ్మమ్మ ఊరు! అక్కడా ఇక్కడా ఆడవాళ్ళు ఒకే వేరుని ఒకే చోట దాచుకున్నారు.

ఆ బీరువాలోంచి అది మగవాళ్ళ అద్దం ముందుకి వచ్చింది 1950లలో. 1957లో కార్వెన్, 1959లో గెర్లాన్, జివాంషీ, ఇలా పారిస్ కంపెనీలు వరసగా వెటివర్ పేరుతోనే మగవాళ్ళకి సెంట్లు తెచ్చాయి. గెర్లాన్‌ది చేసిన జాన్ పాల్ గెర్లాన్‌కి అప్పటికి ఇరవై రెండేళ్ళే. తోటమాలి ఒంటిమీద వచ్చే మట్టి, పొగాకు వాసన తలుచుకుని చేశాడని చెప్పుకుంటారు. యుద్ధం అయిపోయింది, మగవాళ్ళ చేతిలో డబ్బు ఆడుతోంది, వాళ్ళకీ ఏదో ఒకటి అమ్మాలి. కానీ సెంటంటే ఆడవాళ్ళదని అప్పటికే నేర్పేశారాయె. అందుకని పూలు తీసేసి వేరు, చెక్క, తోలు, పొగాకు పెట్టి ఇది మీది, మగతనం అన్నారు. అదే మాట యాభై ఏళ్ళు వింటే ముక్కు కూడా నమ్ముతుంది. మా వారి ముక్కు నమ్మింది అదే. ఆయన తప్పేం లేదు పాపం.

ఇందులో నాకు నవ్వొచ్చింది ఎక్కడంటే, 2004లో అదే గెర్లాన్ కంపెనీ "ఆమె కోసం వెటివర్" అని ఇంకోటి తెచ్చింది. మా అమ్మమ్మ పెట్టెలోంచి తీసుకెళ్ళి, మగవాడి సీసాలో పోసి, మళ్ళీ ఆడదానికి వేరేగా అమ్మారన్నమాట. ఈలోగా 1994లో కాల్విన్ క్లైన్ వాళ్ళ సీకే వన్ వచ్చి, ఇద్దరికీ ఒకటే సీసా అన్న మాటని కొత్త ఫ్యాషన్ చేసింది. ఆ తర్వాత చెక్క, మట్టి, వేరు వాసనలతో యూనిసెక్స్ సెంట్లు బోలెడొచ్చాయి. మా అమ్మాయి తెచ్చింది అందులో ఒకటి. ఎంతో కొత్త ఆలోచనలా చెప్పింది పిల్ల. నిజానికి అది మన మంచినీళ్ళ కుండంత పాతది.

ఇంతకీ ఈ వేరుకి నిబ్బరం, తక్కువ మాటలు అన్న పేరెందుకొచ్చింది? సెంటు చేసేవాళ్ళు వాసనల్ని మూడు అంతస్తులుగా పేరుస్తారు. నిమ్మలాంటివి పైన ఉంటాయి. రాగానే పలకరించి పావుగంటలో వెళ్ళిపోతాయి. పూలవి మధ్యన, కొన్ని గంటలు. వట్టివేరు, గంధం, పచోలి లాంటివి అడుగున. వాటి అణువులు బరువైనవి కనక నెమ్మదిగా ఆవిరవుతాయి, మర్నాటి దాకా బట్టని అంటిపెట్టుకుని ఉంటాయి. తేలికగా ఎగిరిపోయే వాసనల్ని పట్టి నిలిపే పని కూడా వీటిదే. అందుకే చాలా ఆడవాళ్ళ పూల సెంట్లలో సైతం అడుగున వట్టివేళ్ళ నూనె ఉంటుంది, పేరు మాత్రం పైకి రాదు. ఈ నూనె తీయడమూ ఓపిక పనే. ఏడాది, ఏడాదిన్నర పెరిగిన వేళ్ళని తవ్వి, కడిగి, ఆరబెట్టి, గంటలకి గంటలు ఆవిరి పట్టిస్తే వంద కిలోల ఎండు వేళ్ళకి వచ్చేది ఒకటి రెండు కిలోలు. కనౌజ్‌లో రాగి డేగిసాల్లో తీసే రూహ్ ఖస్ రాగి తగిలి పచ్చగా దిగుతుంది. ఆ నూనెలో ఉండే పదార్థాలు వందకి పైనే. వాటన్నిటినీ కలిపి అచ్చం అలాంటిది ఫ్యాక్టరీలో చెయ్యడం ఇప్పటికీ గిట్టుబాటయ్యే పని కాదట. ఇంకా గడ్డిని పీకి పారేస్తే కాదు, మొదలు కోసి మళ్ళీ నాటాలి. తవ్విన గుంతలు అలా వదిలేస్తే, మట్టిని పట్టి ఉంచే గడ్డే మట్టి కొట్టుకుపోవడానికి కారణమవుతుంది. హైతీ కొండవాలుల్లో ఆ ఇబ్బంది ఉంది.

ఇక్కడిదాకా చదివి నేను ఒక తీర్పు ఇచ్చేసుకున్నాను. వాసనకి ఆడా మగా లేదు, వాళ్ళ కొట్లవాళ్ళే తేడా పెట్టారు, మన దగ్గర ఇవేవీ లేవు, మనం గొప్ప. ఈ మాట ఓ రోజు మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అమ్మతో అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు.

"మన దగ్గర లేకపోవడమేమిటే" అంది చివరికి. "పేరంటంలో గంధం ఎవరి మెడకి రాస్తారు?"

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

అమ్మమ్మకి ఇరవై ఎనిమిదో ఏట తాతయ్య పోయారు. అప్పటికి అమ్మకి ఆరేళ్ళు. పసుపు కుంకాలతోపాటు పూలు పోయాయి, గంధం పోయింది, పన్నీరు బుడ్డి ఆవిడ వైపు తిరగడం మానేసింది. ఇంట్లో పేరంటం అయితే వంటింట్లో శనగలు నానబోసేది, తాంబూలాలు సర్దేది అమ్మమ్మే. ముందు గదిలోకి మాత్రం వచ్చేది కాదు. పెళ్ళికి వెళ్తే గుమ్మంలో పన్నీరు చల్లే పిల్లలు ఆవిడని చూసి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. చిన్నపిల్లలు, వాళ్ళకి ఎవరో నేర్పి ఉంటారు. ఇది మంచి వాసన, నీకు లేదు అని నోటితో ఎవరూ అనక్కర్లేదు. ఫ్రాన్సులో కొట్టువాడు సీసా మీద రాశాడు. మనం ఏమీ రాయలేదు, ఊరందరికీ తెలుసు. అక్కడ ఆడవాళ్ళదా మగవాళ్ళదా అని చూశారు. మనం మొగుడున్నదా లేనిదా అని చూశాం.

"మరి పెట్టెలో వట్టివేళ్ళు?" అన్నాను.

"అదే చెప్తున్నా."

ప్రతి ఏడూ ఎండలు ముదిరేముందు అమ్మమ్మ పచారీ కొట్టు నుంచి వట్టివేళ్ళు తెప్పించేదట. కడిగి, నీడన ఆరబెట్టి, దారంతో చుట్టి కొన్ని కుండలో వేసేది, కొన్ని తడికలకి, ఒక కట్ట తన ట్రంకు పెట్టెలో. ఆవిడవి నాలుగే నేత చీరలు. వాటి మడతల్లో పెట్టుకునేది. ఓసారి వరసకి ఆడపడుచు ఒకావిడ వచ్చి, "ఏమిటి వదినా, నీ దగ్గర వాసనలొస్తున్నాయి?" అందట నలుగురిలో. అమ్మమ్మ తలెత్తకుండానే, "చీరలకి చిమ్మెట పడుతోందమ్మా. అది వట్టి వేరే" అందట.

వట్టి వేరే. పువ్వు కాదు, గంధం కాదు, అత్తరు కాదు. అలంకారాల పద్దులో దాని పేరు లేదు కనక దాన్ని తీసేసుకోవడం ఎవరికీ తోచలేదు. నలభై ఏళ్ళపాటు ఆవిడ ఒంటిమీద ఆ వాసన ఉంది. చిమ్మెటల మందు పేరుతో, మందు పేరుతో, చలవ పేరుతో. రాత్రిళ్ళు ఆ కొంగు ముఖం మీద కప్పుకుని పడుకునేదాన్నని అమ్మ చెప్పింది. చిమ్మెటల కోసమే అయితే వేపాకు చాలు, పెరట్లోనే చెట్టుండేది అని కూడా అంది.

నిబ్బరం, తక్కువ మాటలు అని కార్డు మీద రాసినాయన మా అమ్మమ్మని చూసి ఉండడు. ఆవిడ తక్కువ మాట్లాడేది నిజమే. అది ఎంచుకున్న గుణమో, మాట్లాడే చోటు లేకపోవడమో నాకిప్పుడు చెప్పడం కష్టం. ఒక మనిషి స్వభావాన్ని సీసా మీద రాసేసినంత తేలిక కాదనిపిస్తోంది. ఆ కార్డు పారేద్దామని తీసి, మళ్ళీ ఎందుకో సొరుగులోనే పెట్టాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్నగారు పోయి మూడేళ్ళయింది. కాలం మారింది, అమ్మకి ఎవరమూ ఏ ఆంక్షా పెట్టలేదు. బొట్టు తియ్యొద్దని గొడవపడి మరీ ఉంచాం. కానీ అమ్మ పూలు తనంతట తనే మానేసింది. పౌడరు డబ్బా నా గదిలోకి వచ్చేసింది. అదేమని అడిగితే "నాకెందుకే ఇప్పుడు" అంటుంది. ఆ "నాకెందుకే" వినీ వినీ నాకు అలవాటైపోయింది. చిక్కుడుకాయల దగ్గర ఆ మధ్యాహ్నం దాకా అది ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించలేదు. ఆరేళ్ళ పిల్ల ముందు గది గుమ్మంలో నిలబడి, వాళ్ళమ్మని దాటి వెళ్ళిపోతున్న పన్నీరు బుడ్డిని చూసి నేర్చుకున్నది అది.

మా అమ్మాయి వెళ్ళిపోయే రోజు అమ్మ దగ్గరికి సీసా పట్టుకెళ్ళి, "అమ్మమ్మా, నీకూ కొంచెం" అంది. నేను వంటింట్లోంచే చెవి అటు వేశాను. "నాకెందుకే" వస్తుందని ఎదురుచూస్తున్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సీసా నొక్కిన చప్పుడు, ఒక్కసారి.

"చేతిమీద కాదే, కొంగుకి కొట్టు" అంటోంది అమ్మ. "అక్కడైతే నిలుస్తుంది."

సీసా ఇప్పుడు హాల్లో అద్దం దగ్గరే ఉంటోంది. ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. మా వారు కూడా ఆఫీసుకెళ్తూ నేను చూడనప్పుడు వాడుతున్నారు. చూడనట్టే ఉంటున్నాను. ఎండలు మొదలవుతున్నాయి కదా, మొన్న బజారుకెళ్ళినప్పుడు మూలికలమ్మే కొట్లో అసలు వట్టివేళ్ళే ఓ కట్ట తెచ్చాను. సగం కుండలో వేసి, మిగతా సగం దారంతో చుట్టి అమ్మ బీరువాలో పెట్టాను. చిమ్మెటల కోసమని మాత్రం చెప్పలేదు.